వెరైటీ.. బతుక్కి తిరగమోత!

'వెరైటీ ఈజ్ ద స్పైస్ ఆఫ్ లైఫ్!' హోటల్లో కొత్త వంటకం చెప్పినా ఇదే మాట, టీవీ చానల్ మార్చినా ఇదే మాట, ఆఖరికి ఉద్యోగం మారినా ఇదే మాట. రకరకాలుగా ఉంటేనే బతుకు రంజుగా ఉంటుందని భావం. మరి ఈ ఇంగ్లిషు సామెతకూ, ఖమ్మం దాటి భద్రాచలం అడవులు మొదలయ్యే చోట ఉన్న మన జూలూరుపాడుకూ ఏమిటి చుట్టరికం? కాచుకోండి, ప్రశ్నలు మొదలు!

సోఫా మీద పుట్టిన సామెత

మీకు తెలుసా? ఈ మాటను జనం నోళ్లలోకి ఎక్కించింది విలియం కూపర్ అనే ఇంగ్లిషు కవి. 1785లో అచ్చయిన ఆయన దీర్ఘకావ్యం 'ద టాస్క్'లో ఇది ఉంది. ఆరు భాగాలు, దాదాపు 5,000 పాదాలు! అందులో లోకమంతా కంఠస్థం చేసింది ఈ పిడికెడు మాటలే.

ఆ కావ్యం ఎలా మొదలైందో మీకు తెలుసా? 'దేని మీద రాయమంటావ్?' అని కూపర్ అడిగితే, లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు 'సోఫా మీద రాయి' అన్నారట. ఆయన నిజంగానే రాసేశారు. మొదటి భాగం పేరే 'ద సోఫా'! సోఫా ఎక్కితే మనకు నిద్రొస్తుంది, ఆయనకు ఏకంగా కావ్యం వచ్చింది.

ఇంతకీ కూపర్ ఈ మాట అన్నది దేని గురించి? తిండి గురించి అనుకుంటున్నారా? కాదు, బట్టల గురించి! పూటకో ఫ్యాషన్ అంటూ ఎగబడే జనాన్ని ఎత్తిపొడుస్తూ రాసిన చోట ఈ మాట వస్తుంది. అప్పటి చురక ఇప్పటికి మెచ్చుకోలైపోయింది. మాటలు కూడా వేషం మారుస్తాయన్నమాట!

కూపర్ ఇంట్లో ఎవరుండేవారో మీకు తెలుసా? మూడు కుందేళ్లు! పేర్లు పస్, టైనీ, బెస్. మనోవ్యాధితో కుంగిపోయిన ఆ కవికి వాటి అల్లరే పెద్ద మందు. పేర్లు వింటే ఆడపిల్లల్లా ఉన్నా మూడూ మగవే!

పోనీ, ఈ ఆలోచన కూపర్ సొంతమేనా? అబ్బే! క్రీస్తుకు 400 ఏళ్లకు పైగా ముందే యూరిపిడీస్ అనే గ్రీకు నాటకకర్త 'మార్పు తీయన' అనే అర్థం వచ్చేలా రాశాడు. సిరియా నుంచి రోముకు బానిసగా వచ్చి, మాటల చమత్కారంతో విడుదల సంపాదించుకున్న పబ్లీలియస్ సైరస్ కూడా ఇలాంటి సూక్తే చెప్పాడు. అంటే, ఎప్పుడూ కొత్తదనం కావాలనే మాట రెండువేల ఏళ్ల పాతది!

ఇంకో వింత. ఇంగ్లిషులో మసాలా దినుసును 'స్పైస్' అంటారు, జీవజాతిని 'స్పీషీస్' అంటారు. రెండింటికీ తల్లి ఒకటే, 'రకం' అని అర్థమున్న లాటిన్ మాట. వంటింటి పోపుల డబ్బా, అడవిలోని పులి ఒకే ఇంటిపేరు గలవి!

ఎక్కడ వాడాలి ఈ సామెతను? వారమంతా ఇడ్లీయే పెడితే, ఎనిమిదో రోజు పెసరట్టు అడుగుతూ వాడొచ్చు. ఏటా వెళ్లే ఊరు మాని ఈసారి పాపికొండల లాంచీ ఎక్కుదామంటూ వాడొచ్చు. అప్పిచ్చినవాడికి రోజుకో సాకు చెబుతూ వాడితే మాత్రం చెల్లదు!

మనకు దీని దగ్గరి చుట్టం ఎవరో మీకు తెలుసా? 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.' ఇంగ్లిషువాడికి ఆరు మాటలు పట్టింది, మనకు నాలుగు చాలు. పొదుపంటే మనదే!

మసాలా మహిమలు

స్పైస్ అంటే తక్కువ అంచనా వేయకండి. క్రీ.శ. 408లో రోమ్ నగరాన్ని ముట్టడించిన అలారిక్ అనే గోతు రాజు వెనక్కి తగ్గడానికి ఏం అడిగాడో మీకు తెలుసా? బంగారం, వెండి, పట్టువస్త్రాలు, వాటితోపాటు 3,000 పౌన్ల మిరియాలు! ప్రపంచాన్నేలిన నగరం మిరియాలు తూచి ప్రాణం దక్కించుకుంది.

ఈజిప్టు చక్రవర్తి రెండో రామ్సెస్ మమ్మీ ముక్కులో ఏం దొరికాయో ఊహించండి. మిరియాలు! ఆయన పోయి మూడువేల రెండొందల ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఒక్క తుమ్మూ రాలేదు!

ప్రపంచ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ జాబితాలో సుగంధ ద్రవ్యాలు 109. మన స్పైసెస్ బోర్డు జాబితాలో 52. మరి మీ పోపుల డబ్బాలో గిన్నెలెన్ని? ఏడే! అయినా ఆ ఏడింటితోనే మన అమ్మలు ఏడాది పొడుగునా ఏ రోజు కూర ఆ రోజుదే అన్నట్టు వండేస్తారు.

మీకు తెలుసా? మన కూరలన్నిటికీ పెద్దదిక్కైన మిరపకాయ మన దేశంది కానే కాదు! పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడల్లో మన తీరం చేరి 500 ఏళ్లే అయింది. కాకతీయుల కాలంలో ఆవకాయకు ఎండుమిరప కారం లేదు. రుద్రమదేవి నోట ఒక్క మిరపకాయ బజ్జీ పడలేదు పాపం!

ఇంకా పెద్ద బాంబు. కారం అసలు రుచే కాదు! సైన్సు లెక్కలో అది నొప్పి. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం, వేడి తగిలితే మేలుకునే నాడులనే తట్టి లేపుతుంది. నాలుక కాలకపోయినా కాలిందని మెదడు నమ్మేస్తుంది. వగరు కూడా అంతే, అది స్పర్శ. ఉగాది పచ్చడిలో ఆరు రుచులని లెక్కపెట్టే మనకు సైన్సు రెండు మార్కులు కోసేసింది!

ఆ కారం గుట్టు విప్పినందుకు నోబెల్ వచ్చిందని మీకు తెలుసా? డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త క్యాప్సైసిన్ సాయంతోనే వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టారు. 2021లో వైద్య నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు. మిరపకాయ కొరికి మనం బిందె వెతుకుతాం, ఆయన బహుమతి వెతుక్కున్నారు!

బిందె అంటే గుర్తొచ్చింది. కారం మండితే నీళ్లు తాగకండి! క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నోరంతా పాకుతుంది. పాలో పెరుగో పుచ్చుకోండి. పెరుగన్నంతో భోజనం ముగించే మనవాళ్లు ఏ ల్యాబుకీ వెళ్లకుండానే ఈ సంగతి పట్టేశారు.

చిలకలు మిరపకాయలు చకచకా తినేస్తాయి, చూశారా? పక్షులకు ఆ మంట తెలియదు. గింజలు నమిలి పాడుచేసే జంతువులకు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. గింజల్ని మింగి దూరాన విడిచే పక్షికి విందు, కొరికి నలిపేవాడికి శిక్ష! మరి మనిషో? కొరికి నలుపుతూ కూడా 'ఇంకొంచెం వెయ్' అంటాడు!

మిరపలో ఘాటు గింజల్లో ఉంటుందంటారు. తప్పు! గింజలు అంటుకునే తెల్లటి ఈనెలో ఉంటుంది. పాపం, ఇన్నాళ్లూ గింజల మీద నింద!

ఘాటును కొలిచే స్కేలు 1912లో విల్బర్ స్కోవిల్ పెట్టింది. అందులో క్యాప్సికంకు సున్నా. 2023లో గిన్నిస్ ఎక్కిన 'పెప్పర్ ఎక్స్'కు సగటున 26 లక్షల 93 వేలు! రెండూ ఒకే వంశం. ఇంట్లో ఒకడు సాధువు, ఇంకొకడు అగ్గిబరాటా!

ఖమ్మం మిర్చి, జూలూరుపాడు జోరు

ఖమ్మం మిర్చి యార్డులో 'జెండా పాట' అంటే ఏమిటో మీకు తెలుసా? అది సినిమా పాటా కాదు, దేశభక్తి గీతమూ కాదు. పొద్దున్నే ఒక మేలైన లాటును నడిమధ్య పెట్టి వ్యాపారులు పోటీ పడి పాడే ధర. ఆ రోజుకు అదే గరిష్ఠం. రాగం ఉండదు, తాళం ఉండదు, అయినా యార్డులో రైతులంతా చెవులు రిక్కించి వినే పాట ఇదొక్కటే!

యార్డులో 'ఏసీ మిర్చి' కూడా ఉంటుంది. అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన సరుకు. ధర పెరిగేదాకా మిరపకాయలు చల్లటి గదుల్లో నెలల తరబడి విశ్రాంతి తీసుకుంటాయి. పండించిన రైతుకు మాత్రం కల్లంలో ఎండే దిక్కు!

ఆ కల్లంలోకి ఒకసారి వంగి చూడండి. ఎర్రటి గుట్ట పక్కన కూలీలు కూర్చుని పాలిపోయిన కాయల్ని ఏరి పక్కన పోస్తుంటారు. అవి 'తాలు'. అదే చెట్టు, అదే నీరు, అదే మందు, కానీ తాలు కాయకు ధర బాగా తక్కువ. పైన ఎండ, కింద మిర్చి, ముక్కులో ఘాటు. మన పచ్చడి ఎర్రగా మెరవడానికి కారణం వాళ్ల వేళ్లే. వాళ్లకు వెయ్యి దండాలు!

ఇక్కడి రైతులకు ఇష్టమైన 'తేజ' రకం ఎక్కడి దాకా పోతుందో మీకు తెలుసా? చైనా దాకా! సన్నటి కాయ, భలే ఘాటు. ఖమ్మం కల్లంలో ఎండిన కాయ చైనావాడి కంట నీళ్లు పెట్టిస్తుంది.

పక్కనే వరంగల్ వైపు 'చపాటా' మిర్చి పండుతుంది. చూడ్డానికి టమాటాలా పొట్టిగా, లావుగా ఉంటుంది. రంగు నిప్పు, కారం నామమాత్రం! 2025లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఖమ్మంలో మండించే మిర్చి, వరంగల్‌లో మెరిపించే మిర్చి. ఇరుగూ పొరుగూ కలిసి వెరైటీ పాఠం చెబుతున్నాయి!

మరి జూలూరుపాడు? ఈ మండలం సంగతి వింటే తల తిరుగుతుంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఓటు మాత్రం వైరా నియోజకవర్గంలో, ఆ వైరా ఉన్నది ఖమ్మం జిల్లాలో! కలెక్టర్ ఒక జిల్లాలో, ఎమ్మెల్యే ఇంకో జిల్లాలో. అర్జీ పట్టుకున్నవాడికి బస్సు ప్రయాణంలో వెరైటీయే వెరైటీ!

పక్క మండలంలో ఉన్న ఊరి పేరు సింగరేణి. అవును, ఆ సింగరేణే! 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టారు. ఆ పేరుతో వెలిసిన బొగ్గు కంపెనీ కీర్తి దేశమంతా పాకింది, హెడ్డాఫీసు కొత్తగూడెంలో వెలిసింది. పేరిచ్చిన ఊరేమో కారేపల్లి దగ్గర తన మానాన తాను మిర్చి, పత్తి చూసుకుంటోంది.

జూలూరుపాడు అంగట్లో ఎన్ని భాషలు వినిపిస్తాయో మీకు తెలుసా? తెలుగు, కోయ, లంబాడీ, ఉర్దూ! కోయ భాష గోండికి దగ్గరి ద్రావిడ భాష. లంబాడీ రాజస్థానీ వైపు భాష. అంటే ఒకే చింతచెట్టు నీడన రెండు భాషా కుటుంబాలు బెండకాయలు బేరమాడుతుంటాయి. అయినా చిల్లర దగ్గర అందరి భాషా ఒకటే!

లంబాడీ తండాల్లో తీజ్ పండుగ చూశారా? పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. వరి, పత్తి, మిర్చి పండే నేలలో గోధుమ పండుగ! వాళ్ల పెద్దలు నడిచొచ్చిన ఉత్తరాది దారి గుర్తు, ఆ పచ్చటి మొలకల్లో ఇంకా బతికే ఉంది.

కోయ గూడేల్లో కథ ఇంకో రకం. విత్తనం వేసే ముందు భూమి పండుగ, కొత్త పంట నోట పెట్టే ముందు కొత్తల పండుగ. పండుగ చేయందే కొత్త గింజ ముట్టరు. ముందు నేలకు, తర్వాతే నోటికి!

పద్మశ్రీ రావాలంటే పట్నంలో ఉండాలా? మణుగూరు మండలానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయల వంశ చరిత్రలను ఆయన నోటితోనే దాచారు. పుస్తకం లేదు, పెన్ను లేదు, డోలు ఉంది. మనకు మన ఫోన్ నంబరే గుర్తుండదు!

అడవిలో ఎన్ని లెక్కలో

ఇప్పపువ్వు ఎప్పుడు పూస్తుందో మీకు తెలుసా? రాత్రి! తెల్లవారేసరికి చెట్టు కింద లేత పసుపు ముత్యాల్లా రాలి ఉంటుంది. గబ్బిలం రాత్రి డ్యూటీ, ఎలుగుబంటి తెల్లవారుజామున, బుట్టలతో ఆడవాళ్లు పొద్దు పొడవకముందే. ఒక్క పువ్వు, మూడు షిఫ్టులు!

బీడీలు చుట్టే తునికాకు ఒక కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. అంటే బస్తాకు 50,000 ఆకులు! మండే ఎండాకాలంలో ఒక్కో ఆకూ చేత్తో తెంపి, చేత్తో పేర్చి, చేత్తో కట్టిందే. ఆ చేతుల లెక్క ఏ రికార్డు పుస్తకమూ రాయలేదు, రాయాలి!

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య, అదే మన వనజీవి రామయ్య, నాటిన మొక్కలెన్నో మీకు తెలుసా? కోటికి పైగానని ప్రతీతి! 2017లో పద్మశ్రీ వచ్చింది. జేబులో రకరకాల విత్తనాలు, సైకిలు మీద మొక్కలు, మెడలో చెట్ల గురించి రాసుకున్న బోర్డు. మన జేబుల్లో బస్సు టికెట్లుంటాయి, ఆయన జేబులో అడవి ఉండేది!

రాముడి దగ్గరా వెరైటీయే!

భద్రాచలం రాముడికి చేతులెన్నో మీకు తెలుసా? నాలుగు! పైగా శంఖం కుడి చేత, చక్రం ఎడమ చేత. మామూలుగా విష్ణువు పట్టుకునే తీరుకు ఇది తలకిందులు. ఎడమ తొడ మీద సీతమ్మ. లోకంలో ఎన్ని రామాలయాలున్నా ఈ కొండ తీరే వేరు.

పెళ్లి తలంబ్రాలు ఏ రంగు? పసుపు అంటారు. భద్రాద్రి రాముడి కల్యాణంలో మాత్రం గులాల్ కలిపిన ఎర్ర తలంబ్రాలు! వాటిలో గోటి తలంబ్రాలు ఇంకా విశేషం. భక్తులు వడ్లను రోట్లో దంచరు, మిల్లుకు పంపరు, గోళ్లతో ఒక్కొక్క గింజా ఒలుస్తారు. రైస్ మిల్లు చూస్తే సిగ్గుపడాలి!

గుడి తెలంగాణలో, గుడి పొలాలు ఆంధ్రాలో! 2014లో పోలవరం ముంపు మండలాలు అటు వెళ్లాక, స్వామి భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. రాముడు ఇప్పుడు రెండు రాష్ట్రాల రైతు!

ఎక్కువైతే?

వెరైటీ ఎంత ఉంటే అంత మంచిదా? ఆగండి! 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే పరిశోధకుల ప్రయోగం అచ్చయింది. కాలిఫోర్నియా దుకాణంలో ఒకసారి 24 రకాల జాములు, ఇంకోసారి 6 రకాలు పెట్టారు. ఆరు పెట్టినప్పుడు ఆగిన వారిలో 30 శాతం కొన్నారు, ఇరవై నాలుగు పెట్టినప్పుడు 3 శాతమే! చీరల కొట్లో బీరువా మొత్తం దింపించి ఉత్త చేతులతో బయటికొచ్చే రహస్యం ఇదేనేమో!

కడుపు నిండాక కూడా స్వీటు ఎలా పడుతుందో మీకు తెలుసా? ఒక రుచితో విసిగిన నాలుక కొత్త రుచి కనబడగానే మళ్లీ తయారు! శాస్త్రవేత్తలు దీన్ని లెక్కకట్టి మరీ నిరూపించారు. పెళ్లి విందులో 'ఇక చాలు' అన్నవాడు జిలేబీ వైపు చూడ్డం ఆశ కాదు, శరీర ధర్మం!

ఒకే రకం కొంప ముంచింది

ఇక్కడ కాస్త గుండె దిటవు చేసుకోండి. 1845లో ఐర్లండులో బంగాళాదుంప కుళ్లిపోయింది. పేదలు ఎక్కువగా నమ్ముకున్నది 'లంపర్' అనే ఒకే రకాన్ని. తెగులు వచ్చింది, రకమంతా దెబ్బతింది. దాదాపు పది లక్షల మంది ప్రాణాలు పోయాయి. వెరైటీ లేకపోతే పోయేది రుచి ఒక్కటే కాదు!

అరటిపండు కథ తెలుసా? ఒకప్పుడు ప్రపంచ మార్కెట్‌ను ఏలింది 'గ్రో మిషెల్' రకం. పనామా తెగులుతో తోటలకు తోటలే తుడిచిపెట్టుకుపోయి, 1960ల కల్లా దాని గద్దె 'కావెండిష్' ఎక్కింది. మరి ఇప్పుడు? మళ్లీ ఒకే రకం మీదే నడుస్తోంది! పాఠం ఒకసారి వింటే చాలదు కాబోలు.

మన దగ్గరా దెబ్బ తగిలింది. 2021-22లో ఖమ్మం మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలోనే చేరి రసం పీల్చి, పూతంతా రాల్చేసింది. ఊరు ఊరంతా ఒకే పంట ఉంటే పురుగుకు అది పెళ్లి విందే. తోట చుట్టూ జొన్న, మొక్కజొన్న వరసలు వేయమని, నీలి జిగురు అట్టలు కట్టమని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. పురుగుకు అడ్డుగోడ కట్టే మేస్త్రీ జొన్న చేనే!

జూలూరుపాడు పత్తి రైతులకు ఒక ప్రశ్న. బీటీ పత్తి విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాముల చిన్న ప్యాకెట్ వచ్చేది కదా, అదెవరి కోసం? పురుగుల కోసం! నిజమండీ. ఆ బీటీ కాని మొక్కల మీద కొన్ని పురుగులు మామూలుగా బతికితే, బీటీ విషానికి లొంగని మొండి జాతి తొందరగా పెరగదు. చాలామంది ఆ ప్యాకెట్‌ను గట్టున పడేశారు. గులాబీ రంగు పురుగు అదే అదనుగా తీసుకుంది!

ఇక తీపి కబురు. రసం మామిడి తిని టెంకె నాటితే అచ్చం అదే పండు వస్తుందా? దాదాపు రాదు! ప్రతి టెంకె మొక్కా తండ్రి ఎవరో తెలియని కొత్త రకం. అంటుకడితేనే పాత రుచి. అందుకే చిన్న రసాలు ఏ చెట్టువైనా చిన్న రసాలే, పెరటి టెంకె మాత్రం లాటరీ టికెట్!

ఇంకో అద్భుతం మన రాష్ట్రంలోనే ఉంది, మీకు తెలుసా? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన బ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైనే! వాటికి జోడు నకళ్లు నార్వే మంచు దీవిలో, 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో దాచారు. ఎర్రటి ఎండలో పండిన మన జొన్న మంచుకొండలో స్వెట్టర్ లేకుండా నిద్రపోతోంది!

అంత మంచుకొండ మనకెందుకు, పెరడు లేదా? ఇదిగో, చివరి ప్రశ్న. ఇంటి వెనక నాటు వంకాయ చెట్టు ఉందా? అయితే ఈసారి ఒక్క కాయను కోయకుండా వదిలేయండి. పసుపు పచ్చగా పండేదాకా ఉంచి, గింజలు కడిగి, నీడన ఎండబెట్టి, బూడిద కలిపి డబ్బాలో పోయండి. ఇరుగమ్మకు చిటికెడు, పొరుగమ్మకు చిటికెడు పంచండి. ఈ పూట కూరలో ఒక వంకాయ తగ్గుతుంది, వచ్చే ఏడాది మూడు పెరళ్లలో ఆ రకం బతుకుతుంది. లాభమా, నష్టమా? లెక్క మీరే చెప్పండి!